అక్క కోసం దాచిన లైటు

కరెంటు పోతే బాగుండునని ఎదురుచూసిన ఇల్లు ఉప్పుగూడలో మాదొక్కటే అయి ఉంటుంది. పోగానే అక్క చార్జింగ్ లైటు వెలిగించేది, నేను పుస్తకం తెచ్చేదాన్ని. తను పైకి చదివేది. వెలుగు సన్నబడగానే వేగం పెంచేది. ఆరిపోయేలోగా కథ ముగియాలి.

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదివిన అక్కే ఆ లైటు లోపలి సంగతి చెప్పింది. ఇంటి కరెంటును చార్జర్ బాగా తగ్గించి, ఒకే దిక్కుకు మళ్లించి బ్యాటరీలోకి పంపుతుంది. అక్కడ అది కరెంటుగా ఉండదట. సీసం పలకల్లో, యాసిడ్‌లో మార్పుగా నిలుస్తుందట. లైటు వెలిగేకొద్దీ పలకల మీద తెల్లటి పొర పడుతుంది. చార్జింగ్ పెడితే ఆ పొర విడిపోతుంది.

పెళ్లయి అక్క నాందేడ్ వెళ్లాక అమ్మ ఆ లైటును పాత చున్నీలో చుట్టి సజ్జ మీద పెట్టింది. గాజు గ్లాసులైనా, కొత్త దుప్పటైనా మా ఇంట్లో అంతే. "పెద్దది వచ్చినప్పుడు తీద్దాం తియ్," అనేది అమ్మ.

ఆదివారం వస్తున్నానని అక్క ఫోన్ చేసింది. లైటు దించి నొక్కితే వెలగలేదు, చార్జింగ్ పెట్టినా ఎక్కలేదు. పురానాపూల్ దగ్గర బ్యాటరీల దుకాణానికి తీసుకెళ్లాను.

"ఏంది చెల్లె, దీన్ని గిట్ల పండవెట్టిన్రు?" అన్నాడు దుకాణం అన్న. "వాడకున్నా చార్జింగ్ దిగుతనే ఉంటది. పొర గట్టివడ్డది. కొత్త బ్యాటరీ ఎయ్యాలె."

లైటును మళ్లీ అతని ముందుకు జరిపాను. "ఇదే... ఒక్కసారి చూడరాదా అన్నా."

"సరే, సన్నగ చార్జింగ్ పెట్టి చూస్త. ఫికర్ జెయ్యకు. గ్యారంటీ మాత్రం అడగొద్దు మల్ల."

రెండు రోజులకు లైటు వెలిగింది, ఇంటికి తెచ్చుకున్నాను. ఆదివారం అక్క వచ్చింది. పగలంతా చుట్టాలకే సరిపోయింది. సాయంత్రం అమ్మ గుమ్మం ముందు కూర్చోగానే నేను గదిలో ట్యూబ్‌లైటు ఆర్పేశాను.

"కరెంటు పోయిందా, నువ్వే తీసినవానే?" అక్క నవ్వింది. చార్జింగ్ లైటు వెలిగించి పుస్తకం చేతికిచ్చాను.

రెండో పేజీకే వెలుగు సన్నబడింది. అడగకుండానే అక్క వేగం పెంచింది, మాటలు మింగేస్తూ. ఒక వాక్యం మధ్యలో చీకటి పడింది.

ట్యూబ్‌లైటు స్విచ్ వెయ్యమంటుందనుకున్నాను.

"మల్ల చార్జింగ్ పెట్టు. నా రాత్రి రైలుకు ఇంక టైమున్నది," అంది.

పెట్టాను. ఎర్రటి చుక్క వెలిగింది. దాని వెలుగులో అక్షరం కనపడదు. అయినా పుస్తకం మూయకుండా పక్కపక్కనే కూర్చున్నాం.

బయటినుంచి అమ్మ అరిచింది. "చీకట్ల ఏం జేస్తున్రే? పక్కింట్ల ఉన్నది గద కరెంటు!"

"మనకే పోయిందమ్మా," అంది అక్క.