రెండు కుర్చీలు, ఒక దానిమ్మ

మా ఆయనకి కుళ్ళు ఎక్కువండీ. అదీ సొంత అన్నయ్య మీద కాదు, అన్నయ్య చెట్టు మీద!

ఆ చెట్టు నిండా మూరెడు ఉండదు. పళ్ళెంలాంటి లోతులేని తొట్టిలో దానిమ్మ. మా మామగారు పెంచింది. ఆయన పోతూ సెలూన్ అన్నదమ్ములిద్దరికీ ఇచ్చి, చెట్టు మాత్రం పెద్దాయనకి ఇచ్చారు. "చిన్నోడికి తొందరెక్కువ, వాడి చేతిలో పెట్టకు" అన్నార్ట. ఆ మాట మా ఆయనకి ఇప్పటికీ ముల్లే.

సెలూన్లో రెండు కుర్చీలు. కిటికీ బయట, ఎండ తగిలే గట్టు మీద చెట్టు. వచ్చినవాళ్ళు మా ఆయన కుర్చీలో కూచుని, మెడ తిప్పి దాన్నే చూస్తారు.

"అబ్బ, ఎంత ముద్దుగా ఉందో! ఎలా చేస్తారండీ ఇలా?"

ఇంక పక్క కుర్చీ దగ్గర్నుంచి మా బావగారు మొదలెడతారు. "అడుగున కన్నం ఉండాలండీ, నీళ్ళు నిలిచాయా వేళ్ళు కుళ్ళిపోతాయి. వేలు గుచ్చి చూసి, పైమట్టి ఆరితేనే పొయ్యాలి. అప్పుడప్పుడూ బయటికి తీసి వేళ్ళు కత్తిరించాలి. కొమ్మ వంగాలంటే మెత్తటి రాగి తీగ ఏటవాలుగా చుట్టాలి..."

"తల కదపకండి సార్! చెట్టు చూస్తారా, జుట్టు కోయించుకుంటారా?" అని మా ఆయన విసుక్కుంటాడు.

ఇంటికొచ్చి నా మీద పడతాడు. "నా కుర్చీలో కూచుని వాడి చెట్టుని పొగుడుతారేంటే!"

"పోనీ నువ్వూ ఒకటి పెంచుకోరాదూ?"

"నాకెందుకు ఆ పొట్టి మొక్క!"

అంటాడే గానీ, పొద్దున్నే సెలూన్ తాళం తీశాక ముందు వెళ్ళేది దాని దగ్గరికే. ఉతికిన తువ్వాళ్ళు ఇవ్వడానికి వెళ్ళేదాన్ని, నాకు తెలీదా?

ఈమధ్య బావగారి కంటికి ఆపరేషన్ అయింది. ఇంట్లో కూచోమన్నారు. చెట్టు చూసుకోమని తమ్ముడికే అప్పగించారు.

"పై కొమ్మకి చుట్టిన తీగ బిగుసుకుంటే తీసెయ్ రా. లేకపోతే బెరడులోకి దిగిపోతుంది."

మా ఆయన మొహం వెలిగిపోయింది. వెంటనే దాచేసుకున్నాడనుకోండి.

తీగ బిగుసుకుంది. తీశాడు. ఎలా తీశాడూ? ఆడవాళ్ళ జుట్టు ఉంగరాలు తిప్పడంలో మా ఆయన చెయ్యి తిరిగినవాడు. జుట్టులోంచి రోలర్ విప్పినట్టే, కొస పట్టుకుని తీగని వెనక్కి తిప్పుతూ విప్పాడు. దాన్ని ముక్కలు ముక్కలుగా కత్తిరించి తీయాలిట! దానిమ్మ కొమ్మ పెళుసు కదా, టక్కుమంది. మామగారు చేత్తో పెంచిన కొమ్మ.

"కావాలనే విరిచాననుకుంటాడే అన్నయ్య" అన్నాడు. విరిగిన కొమ్మ చేతిలోనే ఉంది పాపం. నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం నేనూ అలాగే అనుకున్నా.

"జిగురు పెట్టి అతికించేస్తే?"

"అదేమన్నా తెగిన చెప్పా? పద, వెళ్ళి చెప్పు" అన్నాన్నేను.

చెట్టు ఎత్తుకుని వెళ్ళాం. మా తోటికోడలు తలుపు తీసి, "ఏంటి మరిదీ, చెట్టుకి జ్వరమొచ్చిందా?" అని నవ్వింది. మేం నవ్వలేదు.

బావగారికి ఒక కంటికి కట్టు, రెండోది ఎప్పట్నుంచో మసకే.

"అన్నయ్యా, తీగ విప్పుతుంటే పై కొమ్మ విరిగింది."

"విప్పావా? కత్తిరించలేదూ?"

"తీసెయ్ అన్నావు గానీ, కత్తిరించమన్నావా?"

బావగారు తొట్టి ఒళ్ళో పెట్టించుకుని తడిమారు. విరిగిన చోట వేలు ఆగింది. చుట్టూ నిమిరి చూశారు.

"నున్నగా చెక్కావే. దేంతో?"

"కొత్త బ్లేడుతో."

"నీకు దీనిమీద ఎంత కుళ్ళో నాకు తెలుసురా. కానీ కుళ్ళుతో విరిచేవాడు గాయాన్ని ఇంత నింపాదిగా చెక్కడు. కొమ్మేదీ, పారేశావా?"

"తడిగుడ్డలో చుట్టా."

"మట్టిలో గుచ్చు. దానిమ్మ కదా, బతుకుతుంది. అది నీది."

గుచ్చాడు. బతికింది. దానికి చిగురొచ్చిన రోజు నన్ను చెయ్యి పట్టి లాక్కెళ్ళి మరీ చూపించాడు. నా కొత్త చీర కేసి అలా ఎప్పుడూ చూళ్ళేదు మహానుభావుడు. నాకు మాత్రం మండదూ?

ఇప్పుడు గట్టు మీద రెండు తొట్లు. కట్టు విప్పాక బావగారు మళ్ళీ కత్తెర పట్టారు. మొన్న ఆయన కుర్చీలో కూచున్న మనిషి మెడ తిప్పి, "ఆ చిన్నది భలే ఉందే! ఎవరిదండీ?" అన్నాడు.

బావగారు ఆ తలని రెండు చేతులా పట్టుకుని అద్దం వైపు తిప్పేశారు.

"చెట్టు చూస్తారా, జుట్టు కోయించుకుంటారా?"

పక్క కుర్చీ దగ్గర మా ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ముందు అడుగున కన్నం ఉండాలండీ..."