పొడుగు కుట్లు

“ఎవలనడిగి ఇచ్చినవ్?”

“ఎవలనడగాలె అత్తమ్మా? సోమవారం చర్చి సమాజపోళ్లు ఇంటికొచ్చిండ్రు. నువ్వు చేన్ల ఉన్నవ్. సందుగ పెట్టెల ఊకెనే పడున్నదని ఇచ్చిన.”

“నా సందుగల చెయ్యి పెట్టుమని ఎవలన్నరు?”

“నువ్వే అన్నవ్. గొంగడి తియ్యమని తాళంచెవి నా చేతికి నువ్వే ఇచ్చినవ్ గద. అది సగం కుట్టిన బొంత. ఆడ గూడెంల చిన్నపిల్లలు మంట పక్కన ఒరిగి పంటుండ్రట. మన పిల్లకు రెండు రగ్గులున్నయి. సగం బొంతను దాసుకొని ఏం జేస్తవ్?”

“పోయి తీస్కరా.”

“నేను పోను. ఇచ్చినదాన్ని ఏ మొఖంతోని అడుగుదు?”

శుక్రవారం పొద్దున పది గంటలప్పుడు మా వాకిట్లో జరిగిన మాటలు ఇవి. కోడలు చంకలో పిల్లనెత్తుకుని నిలబడి నాకు ఎదురు చెప్పింది. మామూలుగా చెప్పే మనిషి కాదు. ఆమె మెత్తనిది, నేను గట్టిదాన్ని. ఊరందరికీ తెలుసు. కానీ ఆ రోజు ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. నేను అడిగినదాంట్లోనూ తప్పు లేదు. నేను చెప్పవలసిన మాట ఒకటి చెప్పకుండా దాచాను, అందుకే ఇద్దరికీ పొసగలేదు.

ఆ వారం మా ఇచ్చోడ దిక్కు ఇగం, గడ్డకట్టే చలి, బాగా పెట్టింది. తెల్లారి లేచి చూస్తే గడ్డివాము మీద, పత్తికట్టె మీద ఉప్పు చల్లినట్టు మంచు తెల్లగా పేరుకుని ఉండేది. చిక్కుడుపాదు ఆకులు మాడినట్టు నల్లబడ్డాయి. బిందెలో చెయ్యి పెడితే వేళ్లు కొంకర్లు పోయేవి. పెద్ద రోడ్డు మీద లారీలు ఎనిమిది దాటినా లైట్లు వేసుకునే నడిచాయి. పిల్లల బడి కూడా ఆలస్యంగా పెట్టారు. నా కొడుకు దుకాణం పనికి పోతూ తలకు నా పాత శాలువా చుట్టుకుపోయేవాడు, సిగ్గుపడకుండా.

మా చర్చిలో స్త్రీల సమాజం ఉంది. ప్రతి చలికాలం ఇంటింటికీ తిరిగి బొంతలు, రగ్గులు జమచేసి ఉట్నూర్ అవతలి అడవి గూడేలకు జీపులో పంపుతారు. పంపుతారు అన్నానేగానీ అందులో నేనూ ఒకదాన్ని. నిరుడు ఎవరో పేగులు బయటికొచ్చిన బొంత ఒకటి ఇచ్చారు. నేను ఆరాధన అయినాక లేచి నిలబడి, చినిగినవి, సగం కుట్టినవి ఇయ్యొద్దని, మనం కప్పుకోనిది వాళ్లు ఎందుకు కప్పుకోవాలని అందరి ముందూ అడిగాను. ఆడవాళ్లు తలలు వంచుకున్నారు. మంచి మాట చెప్పానని ఆ రోజు ఇంటికి తృప్తిగా నడిచి వచ్చాను.

నేను చదివింది మూడు తరగతులు. మిషను బడిలో. అక్కడ నాకు అక్షరాలకంటే కుట్టు ఎక్కువ అబ్బింది. మా టీచరమ్మ గుప్పిట్లో నాలుగు బియ్యపు గింజలు పెట్టుకుని కూర్చునేది. మేం కుట్టింది చూపిస్తే కుట్టు పక్కన గింజ పెట్టేది. కుట్టు గింజకంటే పొడుగుంటే విప్పించేది. నేను పెద్దదాన్నయినాక అదే పద్ధతి పట్టుకున్నాను. మా ఊళ్లో బొంత కుట్టడం వచ్చిన ఆడవాళ్లలో చాలామంది నా దగ్గర నేర్చినవాళ్లే. నన్ను చూస్తే ఇప్పటికీ కుట్టు దాచుకుంటారు.

ఆ సగం బొంత నా బిడ్డది.

ఆమె పక్క ఊళ్లో అంగన్‌వాడీ టీచరుగా చేసేది. ఒంట్లో రక్తం పట్టని జబ్బు వచ్చింది. కరీంనగర్ దవాఖానకు ఎన్నిసార్లు తిప్పామో. రక్తం ఎక్కించేవారు, పది రోజులు ముఖం ఎర్రగా ఉండేది, మళ్లీ సున్నం కొట్టినట్టయ్యేది. చివరికి ఇంటి దగ్గరే ఉంచుకోమన్నారు. చలికాలం. వాకిట్లో ఎండ పడే చోట మంచం వేసి కూర్చోబెట్టేదాన్ని. ఊరికే కూర్చుంటే మనసు ఎటో పోతుందని, నావి రెండు పాత చీరలు, ఆమె పనికి కట్టుకుపోయే చీర ఒకటి పొరలు పొరలుగా పరిచి, సూది చేతికిచ్చాను.

మొదట్లో బాగానే కుట్టింది. తర్వాత వేళ్లలో బలం తగ్గింది. కుట్టు పొడుగవుతూ వచ్చింది. నేను గింజ పెట్టాను. విప్పమన్నాను. విప్పింది. విప్పిన దారం కూడా పారేయనివ్వలేదు, వేలికి చుట్టించి మళ్లీ సూదిలోకి ఎక్కించాను. జబ్బు మనిషితో ఎవరైనా అట్లా చేస్తారా అని ఇప్పుడు మీరు అడగవచ్చు. పనిలో తప్పు పడితే మనిషి బాగున్నట్టే అని నాకు ఎక్కడో ఉండేది. పొడుగు కుట్టు ఒప్పుకుంటే, ఆమె ఇక లేవదని ఒప్పుకున్నట్టు అనిపించేది. ఇది కూడా తర్వాత తోచిందే. అప్పుడు మాత్రం కుట్టే చూశాను.

ఒకరోజు మళ్లీ గింజ తీస్తుంటే నా చెయ్యి పట్టుకుంది.

“అవ్వా, బియ్యపు గింజ వద్దు. చిక్కుడుకాయ పెట్టి కొలువు. అప్పుడు పాసయిత.”

నేను నవ్వలేదు. నవ్వులాట చాలు, విప్పు అన్నాను. ఆమె ఒక్కతే నవ్వుకుంటూ విప్పింది.

ఆ తర్వాత రెండు రోజులు నేను పత్తి తీయను చేనుకు పోయాను. ఆమె ఒక్కతే కూర్చుని కుట్టుకుంది. రెండో రోజు సాయంత్రం నేను వచ్చేసరికి బొంత మోకాళ్ల మీద వేసుకుని, గోడకు ఆనుకుని నిద్రపోతోంది. చూస్తే కొత్తవి మూడు వరుసలు. ఒక్కో కుట్టు వేలి కణుపంత ఉంది. వరుస కూడా తిన్నగా లేదు, కోడి నడిచినట్టు అటుపోయి ఇటొచ్చింది. నాకు కోపం వచ్చింది. లేపి చెబుదామనుకున్నాను. పడుకుంది కదా, రేపు విప్పిద్దాం అనుకుని వదిలేశాను.

మర్నాడు ఆమె మంచం దిగలేదు. నాలుగో రోజు పోయింది.

మూడో వరుస చివర సూది అట్లాగే గుచ్చి ఉంది, దారం జానెడు వేలాడుతోంది. నేను బొంతను మడిచి సందుగలో అడుగున పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. కొడుకు అది ఏదో పాత బొంత అనుకున్నాడు. కోడలు మా ఇంటికి వచ్చింది ఆ తర్వాత రెండేళ్లకు. ఆమెకు ఆడబిడ్డ ముఖం ఫొటోలోనే తెలుసు. ఏటా చలి మొదలైనప్పుడు, ఇంట్లో ఎవరూ లేని పూట చూసి, గడప దగ్గర వెలుతురులో బొంత పరిచి ఆ మూడు వరుసల మీద వేలు పెట్టి నడిపించేదాన్ని. అంతే. మళ్లీ మడిచి పెట్టేదాన్ని. ఈ ఏడు చలి ఒక్కసారిగా వచ్చిపడింది, చేన్లో పని తెగలేదు. శుక్రవారందాకా సందుగ తెరవలేకపోయాను.

కోడలు పోనంది కాబట్టి మధ్యాహ్నం నేనే బయలుదేరాను. ఉత్త చేతులతో పోతే బాగుండదని ఒక రగ్గు తీసుకున్నాను. ఐదేళ్ల కింద కొన్న కొత్త రగ్గు, కవరు కూడా విప్పలేదు. నా పిసినారితనం తెలిసినవాళ్లకు ఆ రగ్గు నా చంకలో చూస్తేనే సంగతి పెద్దదని అర్థమవుతుంది. దారి పొడుగునా మాట కూడబలుక్కున్నాను. పొరపాటున వచ్చింది, అది ఇచ్చెయ్యండి, ఇది తీసుకోండి అని. ఇంకేమీ చెప్పొద్దని, ఎవరైనా అడిగినా చెప్పొద్దని అనుకున్నాను.

చర్చి అరుగు మీద ఎండలో ఐదారుగురు ఆడవాళ్లు చాప పరుచుకుని కూర్చున్నారు. పక్కన కుంపటి. నడుమ మా బొంత. నిండుగా పరిచి ఉంది. నాలుగు అంచులూ మడిచి కుట్టి ఉన్నాయి.

పాస్టరమ్మ నన్ను చూసి లేచింది.

“మీరే వస్తిరా పెద్దవ్వా. మేమే తెచ్చి చూపెడదామనుకుంటున్నం. మీ ఇంట్ల నుంచి సగం బొంత ఒచ్చేసరికి నిరుడు మీరన్న మాట యాదికొచ్చింది. అట్లనే పంపితే మీరు ఊకుంటరా? నాలుగు రోజుల సంది అందరం కూసొని పూర్తి చేసినం.”

చాప పక్కన కూర్చున్నాను. నా దగ్గర కుట్టు నేర్చిన ఒకామె బొంతను నా ఒడిలోకి జరిపింది.

“సూది గుచ్చి ఉన్నకాడ మూడు వరుసలు శానా పొడుగున్నయి పెద్దవ్వా. ఎవలో నేర్చుకునే పిల్ల కుట్టినట్టున్నది. మీ ఇంటి బొంతకు గట్ల ఉంటే బాగుంటదా? గవ్వి ఇప్పి మల్ల కుట్టినం. కొలిసి చూడుండ్రి.”

అని నా అరచేతిలో బియ్యపు గింజ పెట్టింది.

“ఇప్పిన దారమేది?” అని అడిగాను.

“గది తుక్కు దారం గద. కుంపట్ల ఏసినం.”

నేను బొంత మీదికి వంగాను. ఏ పొరల దగ్గర సూది ఆగిందో నాకు తెలుసు, నీలం చీర అంచు అక్కడే మొదలవుతుంది. అక్కడ వేలు పెట్టాను. వేలికి ఏమీ తగల్లేదు. అన్నీ ఒకటే తీరు, సన్నగా, తిన్నగా. పాత రంధ్రాలు కూడా గోటితో రుద్ది పూడ్చేశారు. అట్లా రుద్దాలని నేర్పింది నేనే.

వాళ్లు బడిపిల్లల్లా నా ముఖం చూస్తున్నారు. గింజ తీసి కుట్టు పక్కన పెట్టాను. సరిపోయింది. రెండో చోట పెట్టాను. సరిపోయింది.

“మంచిగున్నది,” అన్నాను.

“రాసి పెట్టుండ్రమ్మా, పెద్దవ్వ మంచిగున్నదన్నది,” అని ఒకామె అంది. అందరూ నవ్వారు. వాళ్ల వేళ్లకు చలికి పగుళ్లు వచ్చి ఉన్నాయి. ఆ పగుళ్ల వేళ్లతోనే నాలుగు రోజులు కుట్టారు. వాళ్లను ఏమని తిట్టను?

అప్పటికైనా అడిగి తెచ్చుకోవచ్చు. మిగతా వరుసలు కుట్టింది కూడా నా బిడ్డే. కానీ అవన్నీ నేను విప్పించి మళ్లీ కుట్టించినవి. వాటి మీద ఎక్కడ వేలు పెట్టినా నేను అన్న మాటలే గుర్తొస్తాయి. ఎవరూ మీద నిలబడి చూడకుండా, తనకు చేతనైనట్టు ఆమె కుట్టుకున్నవి ఆ మూడే. అవి పోయినాక నేను అడిగి తెచ్చుకునేది ఏముంది? రగ్గు కూడా అక్కడే పెట్టేసి లేచాను. మోకాళ్లు పట్టేశాయి, పాస్టరమ్మ చెయ్యిచ్చింది.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. కోడలు పొయ్యి దగ్గర రొట్టెలు చేస్తోంది. నా చేతులు చూసింది.

“తేలేదా?”

తేలేదన్నాను. పిండి తడపడం ఆపి నా దిక్కు తిరిగింది. పొద్దుటి కోపం ఆమెకింకా ఉంది. నేను పీట మీద కూర్చుని, బొంత ఎవరిదో, ఎందుకు సగంలో ఆగిందో, ఆ సూది ఎందుకు అట్లాగే ఉంచానో, చర్చి దగ్గర ఏం జరిగిందో చెప్పాను. తక్కువ మాటల్లోనే చెప్పాను. పెనం మీద రొట్టె మాడింది. ఇద్దరం చూశాం, ఎవరమూ తియ్యలేదు.

“నాకెందుకు చెప్పలే అత్తమ్మా? చెప్తే ముట్టకపోదును గద,” అంది.

మూడేళ్లుగా ఒక ఇంట్లో ఉన్నాం. ఒకే పొయ్యి మీద వండుకుంటున్నాం. రొట్టె మందంగా చేస్తే చెప్పాను, సబ్బు ఎక్కువ అరగదీస్తే చెప్పాను, పిల్లకు ఇంకో స్వెట్టరెందుకని చెప్పాను. ఇది చెప్పలేదు. చెబితే దాని వెనకాల గింజ సంగతి కూడా చెప్పవలసి వస్తుంది. కోడలి ముందు చిన్నదాన్నయిపోతానని భయం. ఆ మాట ఆమెతో అనలేదు. ఇక్కడ రాస్తున్నాను.

కోడలు రాత్రి అన్నం ముట్టలేదు. పిల్లకు తినిపించి పడుకోబెట్టింది.

శనివారం పొద్దున మంచు ఇంకా ఎక్కువ పడింది. ఏడున్నరకు చర్చి దగ్గరికి జీపు వచ్చింది. నేను పోయాను, కోడలు కూడా పిల్లనెత్తుకుని వచ్చింది. బొంతలన్నీ ఎక్కించి, మీద పట్టా కప్పి తాడుతో కట్టారు. పాస్టరమ్మ ప్రార్థన చేసింది. చలికి ఇంజను పట్టుకోలేదు. డ్రైవరు తొయ్యమన్నాడు. కోడలు పిల్లను నాకిచ్చి మిగతా ఆడవాళ్లతో కలిసి జీపు తోసింది. ఇరవై అడుగులు పోయినాక ఇంజను పట్టుకుంది. జీపు ఉట్నూర్ దారి పట్టింది. మలుపు దాకా కూడా కనబడలేదు, అంతకుముందే పొగమంచులో కలిసిపోయింది. మేము ఇంటికి వచ్చాం. కోడలు చాయ్ పెట్టి ఇచ్చింది, తాగాను. పిల్ల ఏడిస్తే ఎత్తుకున్నాను. ఆ రోజు నేను చేనుకు పోలేదు.