ఊపని కప్పు

ఒమన్‌లోని సూర్ పట్నం నుంచి మూడు గంటల ఇసుక దారి. పన్నెండున్నరకు సైనిక శిబిరంలో దిగాను. నీడలోనే నలభై అయిదు డిగ్రీలు. నా వెంట ఒక ట్రంకుపెట్టె, ఒక మందుల సంచి, రెండేళ్ల కాంట్రాక్టు. తొంభైల మొదలు అది. అంతకుముందు మన సైన్యంలో అయిదేళ్లు నర్సుగా, లెఫ్టినెంట్ హోదాలో పనిచేశాను.

నన్ను చూడగానే మీకొచ్చే ప్రశ్న నాకు తెలుసు. "మీది ఏ దేశం?" పుట్టింది హైదరాబాదులోనే. నిజాం గుర్రపు దళంలో చేరడానికి మా ముత్తాత ఆఫ్రికా నుంచి వచ్చాడు. ఆయన రంగూ, ఆయన జుట్టూ నాకొచ్చాయి. యూనిఫాం వేసుకున్నా ఆ ప్రశ్న ఆగలేదు. ఒమన్‌లో మాత్రం ఎవరూ అడగలేదు. నాలాంటి నల్లవాళ్లు అక్కడ ఊరూరా ఉన్నారు.

ఆ సంతోషం ఎంతసేపు? మొదటి రోజే శిబిరానికి వచ్చిన ఒక పెద్దమనిషి ఖాళీ కాఫీ కప్పు నా ముందుకు చాపాడు. పనిమనిషిననుకున్నాడు. పక్కనున్న కూజా ఎత్తి పోశాను. తాగి మళ్లీ చాపాడు. అక్కడ కప్పు అటూ ఇటూ ఊపితేనే చాలని అర్థం. నాకది తెలీదు, అయిపోయిందనుకుని కూజా కింద పెట్టేశాను. అందరూ నవ్వారు. నర్సునని చెప్పడానికి నోరు రాలేదు. కోపం ఆయన మీద కాదు, నా మీద. వెళ్లిపోదామని రెండుసార్లు పెట్టె సర్దాను.

మూడో నెలలో, పగలు రెండుంబావుకు రేడియో మోగింది. వాగు అవతలి పల్లెలో ఒకామెకు పొద్దుటి నుంచి నొప్పులు, రక్తం పోతోంది. మగ డాక్టరును లోపలికి రానివ్వరు. కొండల్లో వాన పడి వాగు పొంగింది. జగిత్యాల డ్రైవరు మల్లన్న ఒడ్డున జీపు ఆపాడు.

"నీళ్లు గుంజుతున్నయ్ మేడం. దిగితే గల్లంతే. వాపస్ పోదాం."

రేడియోలో శిబిరం అధికారి: "రేపు పొద్దున హెలికాప్టర్ పంపుతాం. మీరు వచ్చేయండి."

"ఇక్కడ నర్సును నేను. రేపటిదాకా ఆమె బతకదు. నేను రాను."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

మల్లన్న నీటి అంచున ఒక రాయి పెట్టాడు. "నీళ్లు దీన్ని ఇడిసి ఎన్కకు పోతే సూద్దాం."

గంటన్నర కాలు కాలిన పిల్లిలా ఆ రాయి చుట్టూ తిరిగాను. నాలుగుంబావుకు నీరు రాయిని వదిలి మూడు బారలు వెనక్కి తగ్గింది. తాడు ఒక కొస జీపుకు, ఇంకో కొస నా నడుముకు. సంచి నెత్తిన పెట్టుకుని దిగాను. తొడల దాకా నీళ్లు.

"మీ పట్నపోళ్లు గింత మొండోళ్లా మేడం!" వెనక నుంచి మల్లన్న అరుపు.

ఆరున్నరకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ బతికింది. ఆమె తల్లి, నాలాగే నల్లటి ముసలామె, కూజా పట్టుకుని నా ముందు కూర్చుంది.

"నీవాళ్లెవరు బిడ్డా?"

"హైదరాబాదువాళ్లం. మా ముత్తాత సముద్రం దాటి వచ్చాడు. నేను నర్సును."

పోసింది. తాగాను. కప్పు చాపాను. మళ్లీ పోసింది.

"చాలదా?" అని నవ్వింది.

"చాలదు."

రెండేళ్లకని వెళ్లి ఆరేళ్లు చేశాను. తిరిగొచ్చిన రోజు విమానాశ్రయం బయట ఆటో అతను అడిగాడు, "మేడం, మీది ఏ దేశం?"

"ఈ ఊరే. మీటర్ వెయ్యి," అన్నాను.

ఇప్పటికీ టీ తాగి కప్పు కింద పెట్టబోతే ఆ కూజా వంగుతూ కనిపిస్తుంది. పోసే చెయ్యీ పట్టుకున్న చెయ్యీ ఒకే రంగు. ఆ సాయంత్రం ఆరు కప్పులు తాగాను. కప్పు ఊపలేదు.