మూడో చరణంలో చెరిగిన లైను

1987 ఎండాకాలం. నరసరావుపేటలో ఒక మేడ మీద నాకు చిన్న రికార్డింగ్ గది ఉండేది. గోడలకి గోనెపట్టాలు, మధ్యలో గాజు కిటికీ, మద్రాసు నుంచి సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకున్న ఫోర్ ట్రాక్ మెషీను. అందులో ఒకే టేపు మీద నాలుగు వరసలు విడివిడిగా రికార్డు చేసి తర్వాత కలుపుకోవచ్చు. ఒక్కో వరసనీ ట్రాక్ అంటాం. నా దగ్గరికి ఎక్కువగా భజన బృందాలూ, బుర్రకథ వాళ్ళూ వచ్చేవాళ్ళు. రాక్ బ్యాండు రావడం అదే మొదలు.

మాచర్ల వాళ్ళు, ముగ్గురు. గిటారు వాయించే ఖాజా మోటార్లు వైండింగ్ చేసే మెకానిక్కు. డేవిడ్ డ్రమ్స్. పాడే కరుణాకర్ బడిపంతులు. అతని గొంతులో కాయ లేచింది. వారంలో గుంటూరులో ఆపరేషన్. ఆ తర్వాత గొంతు ఎలా ఉంటుందో చెప్పలేమని, ఈలోపు పాడొద్దని డాక్టరు అన్నాడట. అందుకే పాడి తీరాలని వచ్చాడు.

ఐదు పాటలు రెండు రోజుల్లో అయ్యాయి. ఆరోది నా గదిలోనే తయారైంది. కాలువ చివర, నీళ్ళ వంతు అందని వాళ్ళ నాన్న పొలం గురించి కరుణాకర్ మాటలు రాశాడు. ఖాజా కట్టిన వరస అతని గొంతుకి అందలేదు. ఖాజా తీగలన్నీ ఒక స్వరం కిందికి వదులు చేశాడు. గిటారు శబ్దం బరువెక్కింది. దానికి తగ్గట్టు డేవిడ్ నడక నెమ్మది చేశాడు. అప్పుడు పాట నిలబడింది.

డ్రమ్స్‌కి ఒక ట్రాక్, గిటారుకి రెండు పోగా గొంతుకి ఒక్కటే మిగిలింది. కరుణాకర్ ఒకే ఊపున పాడాడు. మూడో చరణం చివర, "ఈ ఏడూ మా వంతు రాలేదు" అనే చోట గొంతు పగిలింది.

"బాగానే ఉంది గదన్నా, వదిలెయ్," అన్నాడు ఖాజా.

నాకు శుభ్రంగా ఉండటం ముఖ్యం. పంచ్-ఇన్ చేద్దామన్నాను. అంటే టేపు నడుస్తుండగా ఆ ఒక్క ముక్క దగ్గర మళ్ళీ రికార్డు చేయడం. కరుణాకర్ వేణ్ణీళ్ళు తాగి సరేనన్నాడు. కొత్తది ఎక్కితే పాతది చెరిగిపోతుందని నేను చెప్పలేదు. చెప్పాలని తోచలేదు.

బటన్ నొక్కాను. అతను నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. ఇంకోసారి ప్రయత్నించాడు, అంతే. గొంతు పట్టుకుని కూర్చుండిపోయాడు.

"పోనీలే, ముందుది ఉంది గదా," అన్నాడు ఖాజా.

లేదని చెప్పాను. తర్వాత ఖాజా గిటారు తీసుకుని, మాటలు పోయిన చోట ఆ వరస ఒంటరిగా వాయించాడు. పాట అలాగే క్యాసెట్‌లోకి వెళ్ళింది. విన్నవాళ్ళు ఆ చోటునే మెచ్చుకునేవాళ్ళు, కావాలని చేశామనుకుని.

మరుసటి ఏడు కరుణాకర్ ఒక్కడే వచ్చాడు. ఆపరేషన్ బాగానే జరిగింది, పాఠాలు చెప్పుకోగలడు. గొంతు మాత్రం బొంగురు. పాట పెట్టమన్నాడు. అయ్యాక నేను క్షమించమన్నాను.

"ఖాజా చానా బాగా వాయించాడన్నా," అన్నాడు. "కానీ మా నాయన మాట ఆ ఒక్క లైనే. రోజూ ఆయన అనేదే అది. పగిలినా నా గొంతుతో ఉండేది. చెరుపుతావని తెలిస్తే మళ్ళీ పాడేవాణ్ణి కాదు."

అందులో కోపం లేదు. బస్సు వేళయిందని లేచి వెళ్ళాడు.

ఏ ముక్క తప్పో వినిపెట్టడం నా పని. దాన్ని ఉంచాలో తీసెయ్యాలో తేల్చుకోవాల్సింది పాడినవాళ్ళు. ఆ తర్వాత ఇంకా చాలా ఏళ్ళు ఆ మెషీను ముందు కూర్చున్నాను. ఎవరు పాడిందైనా, వాళ్ళకి వినిపించి, ఇది పోతుందని నోటితో చెప్పకుండా, ఆ బటన్ మీద వేలు పెట్టలేదు.