సాయిబ్బు అయ్యవారికి నచ్చని డిటెక్టివు

ఈ ఉదయం కర్నూలు బజారులో నడుస్తుంటే గానుగ ఆడుతున్న వాసన గుప్పుమంది. కూరగాయల సంచితో అక్కడే నిలబడిపోయాను. వేరుసెనగ నూనె వాసన వస్తే అందరికీ వంటిల్లు గుర్తుకొస్తుంది. నాకు మాత్రం పుస్తకాలు గుర్తుకొస్తాయి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు డోన్‌లో మా పఠనమందిరం చెన్నప్ప శెట్టి గారి నూనె అంగడి పైన, మిద్దె గదిలో ఉండేది. పురాణం తెరిచినా, వ్యాకరణం తెరిచినా అదే వాసన. ఆ గదిని నడిపిన హుసేన్ సాహెబు గారిని ఊరంతా సాయిబ్బు అయ్యవారు అనేది. బతుకంతా బడిలో తెలుగు చెప్పి, పింఛను పుచ్చుకున్నాక, ఇంట్లో కూర్చోలేక ఈ పని పెట్టుకున్నారు. నేను అప్పుడు రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తాను. సాయంత్రం కాగానే ఆ మెట్లెక్కడం నాకు అలవాటు.

పుస్తకం తిరిగి ఇచ్చేవాళ్ళు అభిప్రాయం చెప్పకుండా మెట్లు దిగడానికి వీల్లేదు. "బాగుంది అయ్యవారూ" అని తప్పించుకోబోతే ఆయన కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని చూసేవారు. "బాగుండాది అంటే ఏమప్పా? అదేమన్నా వంకాయ కూరా? ఏం బాగుండాది, యాడ బాగుండాది, అది చెప్పు." ఆయనకో దురలవాటు ఉండేది. అపరాధ పరిశోధన నవల వస్తే ముందు చివరి పేజీలు చదివేవారు. "చంపినోడు ఎవురో తెలిస్తే గదా, మొదట్లో వాడు ఎట్ల నవ్వుతాండాడో చూసి ఆనందించేది" అనేవారు. ఆ ఆనందాన్ని తనలోనే దాచుకుంటే బాగుండేది. స్టేషన్ మాస్టరు గారు సగం చదివిన నవలలో హంతకుడెవరో ఆయన ముందే చెప్పేశారు. మాస్టరు గారు నెల దాకా పలకలేదు.

ఆ గదిలో అన్ని నవలలు చదివాక నాకూ ఒకటి రాయాలనిపించింది. 'మూడో గొళ్ళెం' అని పేరు పెట్టాను. ఒక నూనె వర్తకుడు తన భాగస్వామికి విషం పెడతాడు. పోలీసులకు అంతు చిక్కని ఆ రహస్యాన్ని పింఛను పుచ్చుకుంటున్న అనంతయ్య అనే బడిపంతులు ఛేదిస్తాడు. అనంతయ్య ఎవరో చెప్పనక్కరలేదు. అయ్యవారి తలపాగా, నశ్యం డబ్బీ, చేతులు వెనక్కి కట్టుకుని నడిచే తీరు అన్నీ పెట్టాను. చదివి ఆయన పొంగిపోతారని ఎదురుచూశాను.

పుస్తకం అచ్చయి వచ్చాక, ఒక ఆదివారం సాయంత్రపు అసర్ నమాజు ముగించుకుని వచ్చి అయ్యవారు సభ పెట్టారు. చదివినవాళ్ళందరూ మిద్దెక్కారు. అయ్యవారు ఇంత పెద్ద తాంబూలం చుట్టి నా నోట్లో కుక్కారు.

"రాసినోడు మాట్లాడకూడదు. అందరూ చెప్పేది అయ్యేదాకా ఇది నములుతాండు" అన్నారు.

ముందుగా టికెట్ కలెక్టరు లేచాడు. "హంతకుడు పారిపోయిన బండి ఆ పూట లేనే లేదప్పా. రైల్వేలో ఉండి ఇట్ల రాస్తావా? వాడు ఇంగా ప్లాట్‌ఫారం మీదే కూసోనుంటాడు." తరువాత యునానీ హకీము గారు గడ్డం నిమురుకున్నారు. "విషం తాగినోడు మూడు పేజీలు మాట్లాడతాండాడు. నా రోగులు మందు తాగి కూడా అంత మాట్లాడరు." జనం విరగబడి నవ్వారు. నేను నములుతూనే ఉన్నాను.

చివరికి అయ్యవారు గొంతు సవరించుకున్నారు.

"ఆ అనంతయ్య నాకు రవ్వంత కూడా నచ్చలేదు" అన్నారు. "వానికి ఆకలి లేదు, కోపం లేదు, ఎవురితోనూ పేచీ లేదు. అన్నీ తెలుసు. ఇట్లాంటోడు ఈ మిద్దెక్కితే నేను కిటికీలోంచి దూకుతా."

తాంబూలం గొంతుకు అడ్డంపడింది. సరిగ్గా అప్పుడే మెట్ల మీద దగ్గు వినిపించింది. చెన్నప్ప శెట్టి గారు రొప్పుతూ పైకొచ్చారు. నా నవలలోని నూనె వర్తకుడు మాటకు ముందు రెండుసార్లు దగ్గుతాడు. రోజూ ఆ గదిలో కూర్చునేవాడికి కింది నుంచి వచ్చే ఆ దగ్గు తప్ప ఇంకే దగ్గు తోస్తుంది?

"దగ్గు నాది, అంగడి నాది!" అన్నారు శెట్టి గారు దగ్గి. "నేనెవుర్ని చంపినానప్పా? చెప్పు, నువ్వు రాసింది నన్నేనా?"

కాదు కాదని చెప్పబోయాను. నోరు నిండా ఆకు. "ఊ, ఊ" అని మాత్రం వచ్చింది.

"చూడండి, ఒప్పుకుంటాండాడు! రేపే గదికి తాళం వేస్తా."

గదిలో వాళ్ళందరూ కంగారుగా లేచారు. డోన్‌లో పుస్తకాలకు మరో చోటు లేదు. అయ్యవారు మాత్రం నింపాదిగా నశ్యం పీల్చారు.

"నువ్వు చదివినావా శెట్టీ?"

"లేదు. మా గుమాస్తా చెప్పినాడు."

"చదవకుండా అభిప్రాయం చెప్పినోడు ఈ మిద్దె మీద ఇంతవరకూ లేడు. నేనే వచ్చి చదువుతా. ఇని, అప్పుడు తాళం వేసుకో."

మర్నాటి నుంచి రోజూ మధ్యాహ్నం శెట్టి గారింట్లో పారాయణం. శెట్టి గారు ఉయ్యాల మీద, ఆయన భార్య నాగమ్మ గారు తలుపు చాటున. ముగిసే రోజున అయ్యవారు నన్నూ వెంట తీసుకెళ్ళారు. చదవడం అయ్యాక శెట్టి గారు గంభీరంగా దగ్గారు. ఆయన నోరు తెరిచేలోపు తలుపు చాటు నుంచి మాట వచ్చింది.

"ఈయనెట్ల అయితాడు అయ్యవారూ? ఆ చంపినోడు ఏడాది ముందే అన్నీ ఆలోచించి పెట్టుకున్న్యాడు. మా ఇంటాయన కండ్లజోడు నెత్తిన పెట్టుకొని ఇల్లంతా దేవులాడతాడు. పొద్దున చంపాలనుకుంటే మధ్యాన్నానికి ఎవుర్ని చంపాల్నో మరిచిపోతాడు!"

శెట్టి గారి ముఖం ఎర్రబడింది. "అంటే ఏమే? నాకు అంత తెలివి లేదంటావా?"

"లేదని నేను చెప్పేదేముండాది, ఊరికంతా తెలుసు."

గదికి తాళం పడలేదు. పైగా వారం తిరక్కుండానే, అంగడికి వచ్చిన ప్రతివాడికీ శెట్టి గారు పుస్తకం చూపించి, "దీంట్లో చంపినోన్ని నేనే. శానా తెలివైనోడు" అని చెప్పుకోవడం మొదలుపెట్టారు.

పారాయణం ముగిసిన ఆ రోజు అయ్యవారితో కలిసి తిరిగి వస్తున్నాను. ఇక రాయకూడదనే నిశ్చయంతో ఉన్నాను. అయ్యవారు దారి మధ్యలో ఆగారు.

"అనంతయ్య ఎవురో నాకు తెలీదనుకున్నావా అబ్బీ? తలపాగా పెట్టినావు, నశ్యం పెట్టినావు. నా ముక్కోపం యాడ పెట్టినావు? నా నోటిదూల యాడ?"

"మీ మీద గౌరవంతో..."

"గౌరవముంటే నేనొచ్చినప్పుడు లేసి నిలబడు, సాలు. రాసేటప్పుడు నా ఎదురుగా కూసో. కూసుంటేనే మొగం సరిగ్గా కనపడేది."

సభ నాటి నుంచి సహించని అన్నం ఆ రాత్రి కడుపునిండా తిన్నాను. తరువాత చాలా పుస్తకాలూ రాశాను.

స్వాతంత్ర్యం రావడానికి కొన్ని నెలల ముందు అయ్యవారు కోయిలకుంట్లలో, కూతురింట్లో కన్నుమూశారు. నేను వెళ్ళేసరికి వచ్చినవారంతా ఆయన శాంతం గురించి, ఓర్పు గురించి చెబుతున్నారు. ఆయన కూతురు గోడకు ఆనుకుని, ఎవరి గురించో వింటున్నట్టు వింటోంది. నా వంతు వచ్చింది. హకీము గారు నూనె వస్తువులు మానమంటే, అయ్యవారు స్టేషన్ దగ్గర మిరపకాయ బజ్జీలు తిని, హకీము ఎదురుపడగానే పొట్లం నా చేతిలో పెట్టి, "ఈ వయసుకే ఇంత తిండి ఏమప్పా నీకు?" అని నడిబజారులో నన్ను తిట్టిన సంగతి చెప్పాను.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు, కన్నీళ్ళూ ఆగలేదు.

"పొద్దున్నుంచి అందరూ ఎవురో ఔలియా గురించి, మహాత్ముని గురించి చెప్తాండారన్నా. మా అబ్బా ఇప్పుడు వచ్చినాడు" అంది.

అప్పటి నుంచి ఇష్టమైన మనిషి గురించి కలం పట్టినప్పుడల్లా, వారి మంచితనం నాలుగు వాక్యాలు రాగానే చెయ్యి దానంతటదే ఆగుతుంది. వారు ఇంట్లో ఎవరికీ తెలియకుండా ఏం తినేవారో ముందు గుర్తు చేసుకుంటాను.