టమోటా చెయ్యి

పత్తికొండ మార్కెట్లో మా మేనత్త టమోటాలు ఏరేది. బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి, చూడకుండానే దూరంగా ఉన్న గంపలోకి విసిరేది. ఒక్క పండూ చిట్లలేదు. చిట్లి ఉంటే ఆ చప్పుడు ఆదోని దాకా వినపడేది.

కెమెరా సెల్‌ఫోన్లు కొత్తగా వచ్చిన రోజుల్లో కర్నూలు ఎగ్జిబిషన్‌లో, ఒక గదిలో బేస్‌బాల్ ఆట పెట్టారు. తెర మీద బ్యాట్ పట్టుకున్న బొమ్మ వైపు నిజం బంతి విసరాలి. పైనున్న కెమెరా ఆ బంతి దారినీ వేగాన్నీ పట్టి, బొమ్మ దాన్ని కొట్టిందో లేదో తేల్చేది. బొమ్మ మూడు బంతుల్లో ఒక్కటీ కొట్టలేకపోతే మిక్సీ బహుమతి. రోట్లో నూరి నూరి భుజం పోగొట్టుకున్న అత్తకు ఆ మిక్సీ కావాలి.

అత్త బంతిని నొక్కి చూసి విసిరింది. అది పువ్వులా తెరను తాకి కింద కూర్చుంది. బొమ్మ కదల్లేదు. మూడుసార్లూ అంతే.

"గట్టిగా ఇసురమ్మా! ఇంత మెల్లగా వస్తే మిషనుకు కనపడదు, లెక్కలోకి రాదు," అన్నాడు ఆట నడిపేవాడు.

"ఏమక్కా, బంతికి జోల పాడతాండావా?" అని వెనక క్యూలో నిలబడిన సగం జిల్లా నవ్వింది.

నేను ఉక్రోషంగా, "రబ్బరు బంతే అత్తా, పగలదు," అన్నాను.

"నాకు తెలుసు లేరా. ఈ చేతికెవురు చెప్పాల?"

మిక్సీ అక్కడే ఉండిపోయింది. అత్త మాత్రం మూడు బంతులనూ ఏరి, కొంగుతో తుడిచి, ఒకదానికొకటి ఒత్తుకోకుండా బుట్టలో సర్ది మరీ వచ్చింది.