మెరవకూడని ఇత్తడి

గురజాలలో తుపాకీ కొయ్యకు ఇత్తడి బిగించడం తెలిసినవాడు నౌషాద్ ఒక్కడే మిగిలాడు. నలభై ఏళ్ల పని. అతని గోళ్ల కింద మసి పెళ్లిలో పెట్టిన గోరింటాకుకు కూడా లొంగలేదని భార్య షాహిదా ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.

ఆ మసే అతని కొలత. ఇత్తడి రేకును దీపం పొగకు పట్టి, కొయ్యలో చెక్కిన గాడిలో అదిమి తీస్తాడు. కొయ్య మీద నల్లటి మచ్చ పడిన చోట ఇంకా ఎత్తుందన్నమాట. అంతమేరే ఉలితో గీరి, మళ్లీ అదుముతాడు. మసి అంతటా సమంగా అంటేదాకా మర మేకు దిగదు.

పందుల బెడదకని తాతలనాటి లైసెన్సు నిలుపుకున్న రైతులు ఏడాదికి ఇద్దరో ముగ్గురో వస్తారు. మిగతా రోజులు రంపాలకు పదును పెట్టుకుంటాడు.

మొక్కజొన్న కంకులు పాలుపోసుకుంటున్న రోజుల్లో త్రికోటేశ్వరరావు తుపాకీ తెచ్చాడు. గొట్టంలో మందు కూరి పేల్చే పాతది. కొయ్య చీలింది.

"కొత్త కొయ్య చేసి, ఇత్తడి తోమి తళతళలాడిస్తాలే."

"వద్దు సాయిబూ. నల్లరంగు కొట్టు. ఎక్కడా మెరవకూడదు."

"ఏంది, పందికి కళ్లు జిగేల్‌మంటాయా?"

అతను నవ్వలేదు. "పంది చానా తెలివైంది. చూస్తది."

నౌషాద్‌కు అనుమానమొచ్చింది. పంది వాసన పట్టి తప్పుకుంటుంది. మెరుపు చూసి తప్పుకునేది మనిషే. బోరు కాడ గట్టు తగాదాతో త్రికోటేశ్వరరావుకూ అతని పినతండ్రి కొడుకు ఇన్నయ్యకూ రెండేళ్లుగా మాటల్లేవని అందరికీ తెలుసు.

కాదంటే తుపాకీ ఇంకో చోటికి పోతుంది. అందుకని పని సాగదీశాడు. ఎప్పుడొచ్చి అడిగినా, "మసి సమంగా అంటలేదయ్యా" అనేవాడు.

"చెక్కీ చెక్కీ దాన్ని పుల్ల చేస్తావా ఏంది?" అంది షాహిదా. అతను సంగతి చెప్పాక, "స్టేషన్‌లో చెప్పరాదూ?" అంది.

"ఏమని చెప్పేది? ఇత్తడి మెరవొద్దన్నాడనా?"

శుక్రవారం నమాజు కాగానే ఎరువుల కొట్టు దగ్గర ఇన్నయ్యను పక్కకు పిలిచాడు.

"అబ్బాయ్, కొన్నాళ్లు తోట కాడికి ఒంటరిగా పోమాక."

"ఏంది బాబాయ్, ఏమైంది?"

"మీ అన్న తుపాకీ నా దగ్గరుంది. ఇత్తడికి నల్లరంగు కొట్టమన్నాడు. అంతకన్నా అడగమాక."

ఇన్నయ్య అతని గోళ్ల వంక చాలాసేపు చూశాడు. "మంచి మాట చెప్పావు బాబాయ్," అన్నాడు.

ఒక ప్రాణం కాపాడాననుకున్నాడు నౌషాద్. మర్నాడు త్రికోటేశ్వరరావు వచ్చి, తానే రేకును పొగకు పట్టి, కొయ్యలో అదిమి తీశాడు. రోజూ వచ్చి చూసి చూసి ఆ పని అతనికీ పట్టుబడింది. మసి అంతటా సమంగా అంటుకుంది.

"బిగించు. రేపు తీసుకుపోతా."

నౌషాద్ బిగించాడు. రంగు కొట్టి గోడకు ఆనించాడు. మధ్యాహ్నం కొట్టు ముందు బండి ఆగింది. ఇన్నయ్య గోనెపట్టాలో చుట్టిన పొడుగాటిదేదో బల్ల మీద పెట్టి విప్పాడు.

"మా మామది బాబాయ్. కొయ్యలో రేకు వదులైంది."

"నీకెందుకురా ఇది?" అన్నాడు నౌషాద్.

"నువ్వేగా చెప్పింది." ఇన్నయ్య గోడవైపు తిరిగి, ఆ నల్లటి ఇత్తడిని వేలితో తాకి చూశాడు. రంగు ఇంకా పచ్చిగానే ఉంది. వేలు పంచెకు తుడుచుకున్నాడు.

"నాదీ ఇట్టాగే చెయ్యి. డబ్బాలో రంగు మిగిలే ఉంటదిగా."